నూటపదో రాయి

భిలాయి పవర్ హౌస్ బజారులో ఎండుచేపల వరస దగ్గరికి రాగానే మామూలు మనుషులు ముక్కు మూసుకుంటారు. నేను మైళ్లను కిలోమీటర్లలోకి మారుస్తాను. ఎండు నెత్తళ్ల వాసన తగిలిందంటే చాలు, బుర్రలో ఆ హెచ్చవేత దానంతటదే మొదలైపోతుంది. డాక్టరుకి చూపించుకోవాల్సిన జబ్బే. కానీ ఇది అంటించిన మనిషి పోయిన నెలలో పోయాడు. ఆయన గురించి రాసేస్తే తగ్గుతుందేమోనని చూస్తున్నాను.

పోయాడు అన్నానా? తప్పు. ఆయన వింటే ఊరుకోడు. వాళ్లింట్లో ఎవరూ పోరు. దిగిపోతారు.

సెక్టర్ 7లో మా క్వార్టరుకి ఎదురు క్వార్టరు ఆయన కొడుకుది. కొడుకుది ఉక్కు ప్లాంటులో, పట్టాలు తయారుచేసే రైల్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఆయనా అదే ప్లాంటులో, లోపలి రైలు పట్టాలు వేసే గ్యాంగులో చేరి, మేస్త్రీగా రిటైరయ్యాడు. నేను తాతా అనేవాణ్ణి. ఆయన మనసు బాగుంటే నన్ను "బావూ" అనీ, బాగులేకపోతే "ఎటకారపు గుంటడా" అనీ పిలిచేవాడు. మొదటి పేరు నాకు ఎప్పుడైనా పండగలకి దొరికేది.

తొంభైల మధ్యలో ఆయన కళ్లకి శుక్లాలు వచ్చాయి. నేను డిగ్రీ పూర్తిచేసి, ప్లాంటు నుంచి కాల్ లెటర్ వస్తుందని ఎదురుచూస్తూ ఉన్నాను. అంటే ఖాళీగా ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే ఆయన అట్ట ఊడిపోయిన ఒక రైల్వే టైంటేబులు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఇందులో అచ్చరాలు సిన్నవైపోనాయి బావూ. కూసింత సదివిపెట్టు."

అక్షరాలు ఎప్పుడూ అంతే ఉన్నాయని చెప్పబోయి, పండగ పేరుతో పిలిచాడు కదా అని ఊరుకున్నాను. అందులో ఉన్న రైళ్లలో సగం అప్పటికే ఎత్తేశారు. విజయనగరం నుంచి రాయపూర్ మీదుగా మా ఊరు వచ్చే లైను పేజీ ఒక్కటే నలిగిపోయి, నూనె పట్టిన అరిటాకులా ఉంది. స్టేషన్ల పేర్లు వరసగా చదివాను. కొన్నిటి పక్కన పెన్సిల్ టిక్కులున్నాయి.

"ఈ టిక్కులు ఏంటి తాతా?"

"మావోళ్లు దిగిపోనకాడ. మా ముత్తాత పార్వతీపురంలో దిగిపోనాడు."

"మళ్లీ ఏ రైలెక్కాడు?"

"ఎక్కలేదు."

"అయ్యో. మిస్సయిపోయిందా?"

ఆయన నన్ను కాసేపు చూశాడు. శుక్లాలున్న కళ్లతో కూడా ఒక మనిషిని అంత చిన్నగా చూడవచ్చని నాకప్పుడే తెలిసింది.

"సచ్చిపోనాడ్రా గుంటడా. అక్కడే పాతీసినారు."

వాళ్లది సిక్కోలు వైపు సముద్రం పక్క ఊరు. రైలు లైను కొండల్లోకి వేస్తున్నారంటే ఇల్లంతా మట్టిపనికి బయల్దేరిందట. లైను పడమటికి ఎంత పాకితే వీళ్ల గుడిసెలూ అంత పాకాయి. వీళ్లలో కాల్చడం లేదు, పాతిపెట్టడమే. పాతిపెట్టిన మర్నాడు మళ్లీ గుడిసె విప్పి, తట్టా పారా ఎత్తుకుని ముందుకి. ముత్తాత పార్వతీపురం, నాయనమ్మ రాయగడ, తాత తిట్లాగఢ్, తండ్రి రాయపూర్. మనుషులు గోత్రాలు చెప్పుకుంటారు, ఆయన స్టేషన్లు చెప్పుకునేవాడు. "మా వొంశం పేసింజరు బండిరా. అన్నికాడలా ఆగుతాది," అనేవాడు గర్వంగా. గర్వపడవలసిన విషయం అందులో ఏముందని నేను అడిగితే, "ఎక్స్‌ప్రెస్సుకి ఏటి తెలుస్తాది, దారిలో ఏ ఊరున్నాదో," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నా దగ్గర జవాబు లేకపోవడం మా వీధిలో అప్పట్లో వార్త.

టిక్కులన్నీ స్టేషన్ల పక్కనున్నాయి. ఒక్కటి మాత్రం రాయగడకి ముందు రెండు స్టేషన్ల మధ్య గీతలో ఉంది. టిక్కు కాదు, చిన్న గుండ్రం. పక్కన 110 అని అంకె.

"ఇదెవరు?"

"అమ్మ," అన్నాడు. "స్టేషను దొరకలేదు. మజ్జిలోనే దిగిపోనాది."

అప్పుడు ఆయనకి ఆరేళ్లు. కొండ పక్కన లైను, లైను కింద గెడ్డ, అంటే కొండవాగు, గెడ్డ మీద ఇనప వంతెన. జ్వరంలో ఉన్న ఆవిడ నెత్తళ్ల కూర కావాలందట. సముద్రానికి అన్ని కొండల అవతల నెత్తళ్లు ఎక్కడివి? దొరకలేదు. పాతిపెట్టాక తండ్రి పిల్లాడిని రాయి దగ్గర నిలబెట్టి, దాని మీద అంకె వేలితో దిద్దించి, కంఠతా పట్టించాడు: నూటపదో రాయి, గెడ్డకి ఇవతల, కొండకి దిగువ. పెద్దబాలశిక్ష పట్టకముందే ఆయనకి వచ్చిన చదువు అది. ఆ తర్వాత పెద్దగా చదివిందీ లేదు.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. సొంతూరు వైపు రైల్లో వెళ్లేటప్పుడు టిక్కున్న స్టేషను రాగానే చెప్పులు విప్పి తలుపు దగ్గర నిలబడేవాడు. తిట్లాగఢ్‌లో తాతకి బెల్లం ముక్క విసిరేవాడు. రాయగడలో నాయనమ్మకి చుట్ట, దాని వెనకే అగ్గిపెట్టె. ఆవిడ నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేదట. అగ్గిపెట్టె దేనికని అడిగితే, "అక్కడ కొట్లున్నాయేటి?" అన్నాడు. ముత్తాతకి మాత్రం ఖాళీ దండం. ఆయన్ని ఎవరూ చూడలేదు, ఏది ఇష్టమో తెలియదు. తెలియనివాడికి దండమే మర్యాద అని తాత సిద్ధాంతం.

ఇంకో అలవాటు, ఎక్కడ పట్టా కనిపించినా వంగి, దాని నడుం మీద ఉబ్బెత్తుగా పోసిన అక్షరాల్ని వేళ్లతో తడమడం. "మనదే," అనేవాడు, మా ప్లాంటు పేరు తగిలితే. లేదా, "పాతది. పరాయిది." పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడరు.

మూడోది రోజూ జరిగేది. సాయంత్రం పవర్ హౌస్ స్టేషనుకి వెళ్లి, ఎంక్వైరీ కిటికీలో తల పెట్టి ఏ బండి ఎంత లేటో కనుక్కుని, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చోవడం. ఎవరూ రారు, ఎవరినీ ఎక్కించడు. బండి లేటని తెలిస్తే మొహం వెలిగిపోయేది.

"లేటైతే నీకెందుకు తాతా సంతోషం?"

"దారిలో ఎవులో సెయ్యెత్తి ఆపీసినారన్నమాట."

సిగ్నలు ఆపుతుందని నేను చెప్పాను. సిగ్నలుకి మాత్రం ఎవరు చెప్తారని ఆయన అడిగాడు.

రిటైరైన రోజున అందరికీ గడియారం ఇస్తారు. ఈయన గడియారం వద్దు, మిల్లులో కోసేసిన రెండడుగుల పట్టా ముక్క ఒకటి ఇప్పించండన్నాడట. పై అధికారి మంచివాడు, సరేనన్నాడు. గేటు పాసులో 'ఎందుకు' అనే గడి ఉంటుంది. అందులో 'అమ్మకి' అని రాయించాడు. గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా దాన్ని రెండుసార్లు చదివి, "మీ అమ్మగారికి పట్టా దేనికి?" అని అడిగితే, "ఆవిడ ఏసినదానికి ఆవిడికే రుణం," అన్నాడట. ఆవిడ మోసి వేసింది పరాయి దేశపు పట్టా, ఆవిడ కొడుకు ప్లాంటులో చేసింది స్వదేశీ. ఆ ముక్కని భుజాన మోసుకెళ్లి, నూటపదో రాయి పక్కన నిలువుగా పాతి వచ్చాడు. అప్పట్నుంచి ఏడాదికోసారి వెళ్లి నెత్తళ్లు పెట్టి వస్తున్నాడు.

ఆ ఏడాది కళ్లు కనపడవు కాబట్టి తోడు కావాలి. కొడుక్కి షిఫ్టు. "వెళ్లు యార్, ఖాళీయే కదా," అన్నాడు నాతో. మా వీధిలో నా ఖాళీ అందరి ఉమ్మడి ఆస్తి.

ప్యాసింజర్లో, సీటు కింద నెత్తళ్ల సంచితో ప్రయాణం ఎలా ఉంటుందో రాయను. పక్కవాళ్ల తిట్లు హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా, తెలుగు, ఈ వరసలో మారుతూ వచ్చాయి కాబట్టి ఏ రాష్ట్రంలో ఉన్నామో కిటికీలోంచి చూడకుండానే తెలిసిపోయింది. రాయగడ కూడా దాటి, మర్నాడు పొద్దున ఒక చిన్న స్టేషన్లో దిగాం. రెండు బెంచీలు, గంటకి బదులు వేలాడదీసిన పట్టా ముక్క. తాత దాన్ని తడిమి, "పరాయిది," అని తేల్చాడు. అక్కణ్ణించి లైను పక్కనే అర కిలోమీటరు నడక.

నూటపదో రాయి దగ్గర నేను ఆగిపోయాను. పట్టా ముక్క ఒంటినిండా పసుపు, కుంకుమ. నెత్తిమీద రేకు కప్పు. చుట్టూ గాజులు, వేపమండలు, ఎర్రగుడ్డలు. గ్యాంగుమను భార్య ఒకావిడ చీపురుతో ఊడుస్తోంది.

"ఏ ఊరు బావూ?"

"భిలాయి."

"ఓలమ్మో, అంత దూరం నుంచే! పట్టాలమ్మ తల్లి పిలిస్తేగానీ రారు. బూమిలోంచి తనంతట తనే మొలిసిన తల్లి. ఒంటి మీద అచ్చరాలున్నాయి సూడు, దేవుడు రాసినవి. ఎవులికీ సదవరావు. నువ్వు సదువుకున్నట్టున్నావు, ఏటున్నాదో సెప్పు."

వంగి చూశాను. పసుపు కింద మిల్లు పేరు ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. దేవుడు తయారైన నెలా సంవత్సరం కూడా రాశాడు. తాత వైపు తిరిగాను. ఆయన కంకర రాళ్లు లెక్కపెడుతున్నట్టు నేల చూస్తున్నాడు. ఈ పదేళ్లలో తన అమ్మ ఊరందరికీ అమ్మవారైపోతుంటే, ఏడాదికోసారి వచ్చి భక్తుల వరసలో నిలబడి వెళ్లాడన్నమాట.

"చాలా గొప్ప మాటే ఉందమ్మా," అన్నాను. అబద్ధం కాదు.

"మరి! ముందర కోడిని కోసీవోరం. ఒకేడు ఎవులో ముసిలాయన నెత్తళ్లు పెట్టీసి ఎల్లిపోనాడు. ఆ ఏడు మా గ్యాంగులో ఒక్కడికీ దెబ్బ తగల్నేదు. అప్పట్నించి తల్లికి నెత్తళ్లే నైవేద్దిం."

ఆ ముసలాయన సంచి విప్పి, తెచ్చినవన్నీ విస్తట్లో పోసేశాడు. ఒక్కటి మిగల్చలేదు.

ఆవిడ వెళ్లాక నేను చుట్టూ చూశాను. పొలాలు, మామిడితోట, ఎంత దూరం చూసినా చదును.

"తాతా, కొండ ఏదీ?"

"కంట్రాక్టర్లు కంకరకి కొట్టీసినారు."

"గెడ్డ?"

"ఎండిపోనాది."

"వంతెన?"

"గెడ్డే నేకపోతే వొంతెనేటికి? పీకీసినారు."

ఇంత పెద్ద పని ఇంత శుభ్రంగా చేసిన కంట్రాక్టర్లని మన దేశంలో నేను ఎక్కడా వినలేదు. అయినా ఊరుకున్నాను. ఆ విషయంలో మాత్రం నాకు పుణ్యం రావాలి, ఎందుకంటే ఆ తర్వాత ఊరుకోలేదు.

స్టేషనుకి తిరిగొచ్చి బండి కోసం కూర్చున్నాం. అక్కడ స్టేషను మాస్టరు బంతిపూల మడి ఒకటి పెంచుతున్నాడు. మడి చుట్టూ పాత రాళ్లు అంచుగా పాతారు. ఒకదాని మీద 68 అని చెక్కి ఉంది. పట్టాల మేకులు బిగించుకుంటూ లైను వెంట తిరిగే కీమను ఒకడు పక్కనే టీ తాగుతున్నాడు. ఊరికే అడిగాను, ఇదేం అంకె అని.

"పాత మైలు రాయి బావూ. కిలోమీటర్లు రాక ముందు ఇవే. కొలత మొదలెట్టే సోటు అదే. రాళ్లు మారిపోనాయి అంతే."

ముందూ వెనకా ఆలోచించకుండా, ఎప్పట్లాగే, నోరు తెరిచేశాను.

"తాతా, మీ అమ్మ మైళ్లలో ఉంది. మనం కిలోమీటర్లలో వెతుకుతున్నాం."

నవ్వుదామని మొదలుపెట్టాను. సగంలో ఆగిపోయింది. ఆయన ఆరేళ్లప్పుడు వేలితో దిద్దిన రాయి మీద కిలోమీటర్లు ఉండే అవకాశమే లేదు. నేను వేసిన వేల జోకుల్లో నిజమైంది అదొక్కటే. దాన్ని వెనక్కి తీసుకునే దారి కనపడలేదు.

"ఒక మైలంటే ఎన్ని?" అన్నాడు, టైంటేబులు నా వైపు తోసి.

"ఒకటీ... పాయింటు ఆరు. పైన ఇంకో పిసరు."

"నూటపదికి?"

కీమను దగ్గర పెన్సిలు అడిగి, టైంటేబులు చివరి పేజీ అంచున హెచ్చవేశాను. నూటడెబ్బై ఏడు.

"ప్లాంటులో ముప్పై ఏళ్లు మీటర్లలోనే కొలిసినాన్రా," అన్నాడు. ముప్పై ఏళ్లు పట్టాల్ని మీటర్లలో కొలిచినవాడికి నూటపది ఒక కొలత అని ఎప్పుడూ తోచలేదు. అది ఆయనకి అంకె కాదు, అమ్మ పేరు. పేర్లని ఎవరు మారుస్తారు?

బండి వచ్చింది. ఎంత లేటని అడగలేదు.

మేం వచ్చిన దారినే వెనక్కి పోవాలి. మధ్యాహ్నం బండి కొండల్లోకి దూరాక తాత లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు. నేను పక్కన నిలబడి రాళ్లు చదువుతున్నాను. నూటడెబ్బై అయిదు. నూటడెబ్బై ఆరు. ఎడమపక్క కొండ ఒకటి అమాంతం మీదికి వచ్చింది. ఎక్కడా ఎవరూ కొట్టలేదు. వెంటనే చక్రాల కింద చప్పుడు మారిపోయి గుబగుబమని ఇనప మోత. కింద గెడ్డ, నీళ్లతో.

"ఆ సప్పుడు," అన్నాడు.

అంతే, దాటిపోయింది. ఆయన చేతిలో నెత్తళ్ల సంచి ఖాళీగా గాలికి కొట్టుకుంటోంది.

"పెతీ ఏడూ ఇలగే వొచ్చినాను," అన్నాడు కూర్చున్నాక. "ఆకలితో ఉన్నదాని ముందరనించి సంచి మోసుకెల్లి, ఎవులికో పెట్టీసి, ఉట్టి సేతుల్తో మళ్లీ దాని ముందరనించే ఎల్లిపోనాను."

"వాసనైనా తగిలి ఉంటుంది తాతా," అన్నాను.

నవ్వలేదు. ఖాళీ సంచి మడిచి సీటు కిందికి తోసేశాడు.

ఇంటికి వచ్చాక స్టేషనుకి వెళ్లడం మానేశాడు. నెలైంది, రెండైంది. దానికి తోడు ఆయాసం పట్టుకుంది. డాక్టరు మందులిచ్చి, ప్రయాణాలు కుదరవన్నాడు. మూడో నెలలో కొడుకు నన్ను గేటు దగ్గర పట్టుకున్నాడు.

"ఏం చెప్పావురా మా నాన్నకి? అన్నం తినట్లేదు, టైంటేబులు తియ్యట్లేదు. తప్పు చోట పెట్టాను, తప్పు చోట పెట్టాను అని ఒకటే మాట. ఇలాగే పోతే మనిషి దక్కడు, తెలుసా?"

"మైళ్లు చెప్పాను భయ్యా."

"నీకేం పని మైళ్లతో?"

న్యాయమైన ప్రశ్న. ఆ మూడు నెలలూ నేను ఎవరినీ నవ్వించలేదు. మా అమ్మ నాకు జ్వరం ఉందేమోనని చెయ్యి పెట్టి చూసింది.

ఒక ఆదివారం పొద్దున ఆయనే వచ్చాడు. చేతిలో సంచి. సంచి సంగతి చూడక ముందే ముక్కుకి తెలిసింది.

"ఖాళీయేనేటి బావూ?"

"డాక్టరు వద్దన్నాడు కదా."

"రైలు ఎక్కొద్దన్నాడు. దిగొద్దన్నాడేటి?"

కొడుకు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆపలేదు. లోపలికి వెళ్లి మందుల పొట్లం, మరచెంబు తెచ్చి నా చేతిలో పెట్టి, "జాగ్రత్త," అన్నాడు. తండ్రికి చెప్పాడో నాకు చెప్పాడో తెలియదు.

నూటడెబ్బై ఏడుకి దగ్గర స్టేషను నుంచి రెండు కిలోమీటర్లు నడవాలి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఆగుతూ నడిచాం. ఆగినప్పుడల్లా వంగి పట్టాని తడిమేవాడు. ఆయాసం తీర్చుకోవడానికి అదొక మర్యాదైన దారి అని నాకు మూడోసారికి అర్థమైంది. "మనదే," అన్నాడు ఒకచోట. ఇంకోచోటా అదే అన్నాడు. కొండ మలుపు దాకా అన్నీ మనవే.

"ఆవిడ ఏసిన లైన్ల మీద నా పట్టాలే ఉన్నాయిరా," అన్నాడు రొప్పుతూ. "గేటు పాసు నేకుండానే ఒచ్చీసినాయి."

కొండ మా ముందుకి వచ్చింది. ఆయన దాని ఎదురుగా నిలబడి, తప్పిపోయిన పశువు దొరికినవాడిలా కసిరాడు.

"ఇక్కడున్నావేటి? నిన్ను కొట్టీసినారనుకున్నాను!"

కొండ ఏమీ అనలేదు. గెడ్డ మాత్రం తన పని తాను చేసుకుంటోంది. వంతెన ఉంది. కొత్త రాయి మీద తెల్లరంగులో 177. పాత రాయి కోసం పొదలన్నీ వెతికాను. దొరకలేదు. సరిగ్గా ఎక్కడ అన్నది ఎవరూ చెప్పలేరు. గెడ్డకి ఇవతల, కొండకి దిగువ అంటే అరెకరం ఉంటుంది.

"ఏ చోటో తెలియదే తాతా."

"పదేళ్లు అరవై ఏడు కిలోమీటర్ల దూరంలో ఎతికినోడికి ఈ అరెకరం ఒక లెక్కేటి?"

హెచ్చవేతా తీసివేతా ఆయన ఇంట్లో పూర్తిచేసుకునే వచ్చాడు.

ఒక చదునైన బండ చూసుకుని కూర్చున్నాం. ఇంటినుంచి తెచ్చిన అన్నం, నెత్తళ్ల వేపుడు రెండు ఆకుల్లో పెట్టాడు. ఒకటి గెడ్డ వైపు తోశాడు. రెండోది నాకూ తనకూ. విసరలేదు. ఇక్కడ బండి దిగాం కదా, విసరాల్సిన పని లేదు. చీమలు మొదటి ఆకు దగ్గరికి వరస కట్టాయి. పట్టాలమ్మ దగ్గర ఊడ్చినావిడ చూస్తే దీనికీ ఏదో మహిమ చెప్పేది.

"గుర్తుకి ఏమీ పాతవా?" అన్నాను.

"ఒకటి పాతితేనే అమ్మోరు లెగిసినాది. మళ్లీ పాతితే ఇంకో అమ్మోరు. ఎందుకొచ్చిన గొడవ."

"మరి అక్కడున్నది? వాళ్లకి నిజం చెప్పొద్దా?"

"ఏటి సెప్తావు? గ్యాంగోళ్లకి దెబ్బ తగలకుండా సూస్తన్నాది. ఉండనీ. మా అమ్మకి ఒక ఉద్దోగం దొరికిందనుకుంటాను."

ముద్ద కలుపుతూ ఆయన గెడ్డ వైపు తిరిగాడు.

"మా అయ్య సెప్పినాడు, ఒరే నాను నేకపోయినా నువ్వు ఒచ్చి సూడాల, అమ్మ సూస్తుంటాది అని. ఇన్నేళ్లూ ఇంకో రాయికాడ కూకున్నాను. ఏటనుకున్నాదో."

దుఃఖం వచ్చేస్తోందని నాకు తెలిసింది. దుఃఖం వస్తే ఏం చెయ్యాలో నాకు ఎప్పుడూ తెలియదు. తెలిసింది ఒకటే.

"రైలు లేటనుకుని ఉంటుంది తాతా."

ఆయన నా వైపు తిరిగాడు. ముందు గొంతులో ఏదో గురకలా వచ్చింది. మందు తియ్యబోయాను. అది గురక కాదు, నవ్వు. బండ మీద చెయ్యి కొట్టి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా, ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. "లేటా!" అంటాడు, మళ్లీ నవ్వుతాడు. "ఇన్నావేటే అమ్మా? లేటంట!" అన్నాడు గెడ్డ వైపు చూసి. అంతలో వంతెన మీదికి గూడ్సు బండి ఒకటి వచ్చింది. ఆ ఇనప మోత కింద ఆయన ఇంకా ఏమేమో ఆవిడతో మాట్లాడాడు. నాకు వినపడలేదు. నాకోసం కాదు కాబట్టి వినపడనక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో ఒళ్లు మరిచి నిద్రపోయాడు. మర్నాటి సాయంత్రం పవర్ హౌస్ బెంచీ మీద ఉన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఉన్నాడు. డాక్టరు చెప్పినదానికంటే ఎక్కువే. ఏ జబ్బుతో, ఎలా అన్నది అడగకండి, ఆయనకి అందులో ఆసక్తి లేదు. ఎక్కడ అన్నదే ముఖ్యం. ఇక్కడ. ఆయనకంటే పడమటికి వాళ్ల వంశంలో ఎవరూ రాలేదు.

కాలనీలో పెద్దలు కొందరు వచ్చి, "ఇక్కడ అందరూ కాల్చడమే కదా, నదికి తీసుకెళ్దాం," అన్నారు. కొడుకు ఎప్పుడూ ఎవరికీ ఎదురుచెప్పే మనిషి కాదు. ఆరోజు చెప్పాడు.

"మావాళ్లు దిగుతారండి. కాలరు."

మట్టి వేసి వచ్చాక టైంటేబులు నా చేతికిచ్చాడు. "టిక్కు నువ్వు పెట్టు, నాకు చేతకాదు," అన్నాడు. పెన్సిలు తీసి పేజీ తిప్పాను. పవర్ హౌస్ పక్కన టిక్కు అప్పటికే ఉంది. ఎన్నాళ్ల కిందట పెట్టుకున్నాడో, వేలి నూనెకి మసకబారిపోయింది. పైన రెండు స్టేషన్ల మధ్య ఉన్న గుండ్రం పక్కన 110ని కొట్టెయ్యలేదు. దాని కిందే, శుక్లాల కళ్లతో పెట్టిన పెద్ద పెద్ద అంకెల్లో, 177 వేసుకున్నాడు. రెండూ ఉంచాడు.

ఇక ఒక చిక్కు మిగిలింది. నాయనమ్మకి చుట్ట, తాతకి బెల్లం, అమ్మకి నెత్తళ్లు. ఈయనకేమిటి? ఈయన తిండి మనిషి కాదు. చుట్ట లేదు, బెల్లం లేదు. తెలియనివాడికైతే దండం పెట్టి ఊరుకోవచ్చు. ఈయన తెలియనివాడు కాదు.

నిన్న సాయంత్రం ఎండుచేపల వరస దాటి, హెచ్చవేత పూర్తిచేసుకుని, స్టేషన్లోకి వెళ్లాను. ఎంక్వైరీ కిటికీలో తల పెట్టి, ఎంత లేటు భయ్యా అని అడిగాను.

"ఏ బండి?" అన్నాడు క్లర్కు.

"ఏదైనా సరే. బాగా లేటైంది ఒకటి చెప్పండి."

అతను నన్ను ఎగాదిగా చూసి, చార్టు చూసి, "రెండు గంటల నలభై నిమిషాలు," అన్నాడు.

ప్లాట్‌ఫారం చివరి బెంచీ దాకా నడిచి, ఆ మాట అక్కడ చెప్పేసి ఇంటికి వచ్చాను.